గాయపడుటకు ఆడవారు కావలెను

ప్రతి ఇల్లాలూ ఏడాదికి ఒక్కసారైనా గాయపడాలి! సరిగ్గానే చదివారు. వంటింట్లో వేలు తెగడం ఈ లెక్కలోకి రాదు. దానికి ఇంత పసుపు అద్ది, అదే చేత్తో మిగతా వంకాయలు తరిగేస్తాం. నేను చెప్పేది అధికారికంగా, మైదానంలో, మిలిటరీ సమక్షంలో గాయపడటం. ఆ వైభోగం ఎలాంటిదో రామలక్ష్మిని అడగాలి.

రామలక్ష్మి బీయస్సీ చదివింది. కాపురం మామిడికుదురు దగ్గర. భర్త బుచ్చిరాజు ఏడాదిలో పది నెలలు ఎరువులు అమ్ముతాడు, రెండు నెలలు టెరిటోరియల్ ఆర్మీలో యూనిఫామ్ తొడుగుతాడు. దేశానికి అవసరమొస్తే సరిహద్దుకి పరుగెడతాడు. ఇంట్లో అవసరమొస్తే పేపరు చదువుతాడు.

రెండువేల మూడులో అమ్మవారి తీర్థానికి, అదే జాతరకి, తొక్కిసలాట జరగకుండా చూస్తామని ఆ యూనిట్ వాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. రెండు రోజుల ముందు హైస్కూలు గ్రౌండ్‌లో రిహార్సల్. రక్షించేవాళ్లు బోలెడుమంది. రక్షింపబడేవాళ్లే లేరు! ఊళ్లో మగవాళ్లంతా మెడలో ఈల వేసుకుని వచ్చేశారు. అందరూ కాపాడేవాళ్లే అయితే కాపాడటం ఎవర్ని? అందుకని మైకులో చాటించారు, గాయపడటానికి ఆడవారు కావలెనని.

"ఊరికినే దెబ్బలు తగిలించుకోడం ఏంటే తల్లీ? అవతల పప్పు నానబోశాను," అని అత్తగారు మంగాయమ్మ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"దేశసేవ అత్తయ్యగారూ! మీ అబ్బాయికి పేరొస్తుంది."

అసలు సంగతి వేరు. మూడు నెలలుగా రామలక్ష్మికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవక, జడ మానేసి ముడి చుట్టుకుంటోంది. "ముసలమ్మలా ఆ ముడేంటే?" అన్నాడు బుచ్చిరాజు. ఆ ముక్కతో ఇంటి వైద్యం పూర్తయింది. డ్రిల్లుకి మిలిటరీ డాక్టరు వస్తాడట. ఆయనైనా చూడకపోతాడా అని ఆమె ఆశ.

గ్రౌండ్‌లో చాప వేసి పడుకోమన్నారు. మిట్టమధ్యాహ్నం! పడుకోమని! "ఏం, ఒంట్లో బాగోలేదా?" అని దెప్పేవాళ్లు లేరు. "వంటయిందా?" అని ఆరా తీసేవాళ్లూ లేరు. ఏ స్వర్గంలో దొరుకుతుందండీ ఇలాంటి చాప?

ఈల మోగింది. స్ట్రెచర్ పట్టుకుని రొప్పుతూ వచ్చినవాడు మరెవరో కాదు, బుచ్చిరాజే! క్షతగాత్రులు ఎవరైనా సరే, గౌరవంగా పలకరించాలని యూనిట్ నియమం. మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"ఏమండీ, నా మాట వినపడతందాండీ?"

"ఆయ్."

"రక్తం పోతందాండీ?"

"ఆయ్."

"స్పృహ తప్పేరాండీ?"

"ఆయ్."

స్పృహ తప్పినంత మాత్రాన పలకరించిన మనిషికి బదులివ్వకుండా ఉంటామా? అంత మర్యాద తెలియని ఊరా మాది? పక్క చాప మీద "మృతి" అని అట్ట కట్టించుకున్న మేరీ టీచరుగారు సైతం, "ఎలా ఉన్నారండీ?" అనగానే "ఏదో, మీ దయండీ," అన్నారు!

"ఎక్కడ నొప్పండీ?" అన్నాడు బుచ్చిరాజు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో వినని ప్రశ్న. రామలక్ష్మికి కళ్లు చెమర్చాయి.

"భుజమండీ. మూడు నెల్లయిందండీ. ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతన్నానండీ."

"అయ్యయ్యో! ఇంట్లోవాళ్లకి చెప్పలేదాండీ?"

"మా ఆయనకి చెప్పేనండీ. పేపరు చదూకుంటన్నారండీ."

"ఉంటారండీ అలాంటి మనుషులు," అని బుచ్చిరాజు బాధగా తల ఆడించాడు. చెయ్యి కదలకుండా పసిపిల్లకి కట్టినంత మెత్తగా కట్టు కట్టాడు. డ్యూటీ అంటే అదీ!

డాక్టరుగారు వచ్చి భుజం నొక్కారు. రామలక్ష్మి కేకకి కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. గ్రౌండంతా చప్పట్లు!

"నటన కాదండీ, నిజంగానే నొప్పండీ!" అంది ఆమె. చప్పట్లు రెట్టింపయ్యాయి.

"చూడండి, ఆఖరిదాకా పాత్ర వదల్లేదు," అని మెచ్చుకుని డాక్టరుగారు మేరీ టీచరు శవం దగ్గరికి వెళ్లిపోయారు.

"మా ఆవిడేనండీ!" అని బుచ్చిరాజు ఛాతీ విరుచుకుని అందరికీ చెప్పుకున్నాడు.

ఉత్తమ క్షతగాత్రురాలిగా రామలక్ష్మికి బహుమతి ఇచ్చారు. పేద్ద స్టీలు బిందె!

ఇంటికి వెళ్లే దారిలో ఆమె ఆగింది. "ఏవండీ, ఇది కాస్త పట్టుకోండి. భుజం లాగేస్తంది."

బుచ్చిరాజు అటూ ఇటూ చూశాడు. "యూనిఫామ్‌లో ఉండి బిందె మొయ్యకూడదే."

"పోనీ, ఎక్కడ నొప్పండీ అని ఇంకోసారి అడగండి."

"డ్రిల్లయిపోయిందిగా! పద, ఆకలేస్తంది."

రామలక్ష్మి బిందెని ఎడమ చంకకి మార్చుకుంది.

అంచేత సోదరీమణులారా, అవకాశం వస్తే తప్పకుండా గాయపడండి! చెప్పుకోవలసిందంతా ఈల మోగేలోపు చెప్పేసుకోండి. ఆ ఏడు తీర్థం నిక్షేపంగా జరిగింది. ఒక్కరికీ చీమ కుట్టలేదు. తీర్థానికి కావలసినంతమంది వాలంటీర్లు ఉన్నారు. తీర్థం లేని రోజులకే ఇంకా ఎవరూ ముందుకు రాలేదు.