చౌక నీళ్లు, నలభై ఒక్క అడుగుల దూరం

ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో చెంబు మీద గొడవ మొదలైంది. చెంబు డ్రమ్ము దగ్గరే ఉండాలని మావారు రఘుపతి. వంటింట్లో ఉండాలని నేను.

"నీళ్లున్న కాడ చెంబుండాలె. గింత తెల్వదా శైలజా?"

"పొయ్యి ఉన్న కాడ నీళ్లుండాలె. గది మీకు తెల్వదా?"

సంగతేమిటంటే, మావారు దేవరకొండ నుంచి ఐదు వందల లీటర్ల డ్రమ్ము తెచ్చారు. దానికి బదులుగా వంటింట్లోని రెండు స్టీలు బిందెలూ ఇచ్చేసి వచ్చారు. లీటరు చొప్పున చూస్తే ఇంతకంటే చౌక ఇంకోటి లేదట! నిజమే. కాకపోతే అది వంటింటి గుమ్మంలో పట్టలేదు. గేటు పక్కనే నిలబడిపోయింది. అక్కడి నుంచి పొయ్యి దాకా నలభై ఒక్క అడుగులు. ఊరికే అనడం లేదు, నడిచి చూశాను.

మొదట కోపమొచ్చిన మాట నిజం. తర్వాత జ్ఞానోదయమైంది. పాఠకులారా, దేన్నైనా ధరతో మాత్రమే పోల్చడం మనిషి నేర్చిన విద్యలన్నింటిలోకీ గొప్పది! ఎక్కడుంది, ఎవరికి అందుతుంది లాంటి చాదస్తాలన్నీ దాంతో వదిలిపోతాయి.

మా ఊరినే చూడండి. సాగునీటికి కొత్త జలాశయం కడతామంటున్నారు. రెండు జాగాలు చూశారు. ఒకటి గుట్ట పక్కన, ఊరికి ఎగువన. కాలువ తవ్వితే చాలు, నీళ్లు వాటంతటవే మెట్ట చెలకల్లోకి దిగుతాయి. కానీ కట్ట పొడవు, ఖర్చూ ఎక్కువే. రెండోది కింద వాగులో. అటూ ఇటూ బండలే కాబట్టి మధ్యలో చిన్న కట్టతో పని అయిపోతుంది. ఇంజినీరు సారు పంచాయతీ ఆఫీసు గోడకు పట్టిక అంటించి వెళ్లారు. టీఎంసీ నీళ్లకు ఎంత ఖర్చు పడుతుందో చూస్తే వాగుది సగం కంటే తక్కువ! సోమవారం గ్రామసభలో రైతులు చేతులెత్తి ఏదో ఒకటి తేల్చాలి. వాగు వైపు మొదట లేచే చెయ్యి మావారిదే.

మరి వాగు నుంచి మా బత్తాయి తోటకు ఎంత పడుతుంది? అయ్యో, ఆ గడి పట్టికలో లేదండీ!

తోట గుట్ట వాలున ఉంది. మూడెకరాలు, ఎనిమిదేళ్ల చెట్లు. రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది దగ్గుతూ పోస్తోంది. కాలువ రాకపోతే ఇంకో రెండు ఎండాకాలాల్లో ఆ చెట్లు పొయ్యిలోకే.

అయినా నష్టమేముంది? వాగు నుంచి పైకి ఎత్తిపోసుకుంటాం. మోటారు కొంటాం, అది కాలుతుంది, మెకానిక్‌కు పని దొరుకుతుంది. పైపులు పగులుతాయి, పైపుల షాపు సర్దార్ భాయ్ మేడ మీద మేడ వేస్తాడు. ఒక్క చౌక జలాశయం ఎంతమందికి అన్నం పెడుతుందో చూశారా!

ఆ మాటకొస్తే సముద్రాన్ని మించిన జలాశయం ఏముంది? కట్ట వేసే పని లేదు, ఎవరి భూమీ పోదు, టీఎంసీకి పైసా పడదు. కాస్త దూరం, కాస్త ఉప్పు, అంతే కదా!

మా అమ్మాయి హరితకు దేవరకొండలో కాలేజీ పక్కనే హాస్టలెందుకు? ఎక్కడో దూరాన నకిరేకల్‌లో గది కిరాయి ఇంకా తక్కువట. రోజూ పోయిరావడం దాని ఫికర్, మనది కాదు!

ఈ జ్ఞానాన్ని మధ్యాహ్నమే ఆచరణలో పెట్టాను. మటన్ కూర వండాను. కారం కాస్త ధారాళంగా పడింది. కంచాల పక్కన గ్లాసులు కూడా పెట్టాను, ఖాళీవి.

మూడో ముద్దకు మావారి చెవులు ఎర్రబడ్డాయి.

"నీళ్లేవి?"

"ఐదు వందల లీటర్లున్నయి కదా, గేటు కాడ. మస్తు చౌక."

మా అత్తమ్మ సుగుణమ్మ నవ్వు ఆపుకోలేదు. "పో కొడుకా, ఎత్తిపోసుకో."

ఎంగిలి చేత్తోనే ఆయన గ్లాసు నింపుకొని వచ్చారు. కూర్చునేలోపే, ఆదివారానికి ఇంటికొచ్చిన హరిత లాక్కుని గటగటా తాగేసింది. "ఇంకోటి తే నాయినా!" రెండోది అత్తమ్మకు పోయింది. మూడోది గుమ్మం దగ్గరే నిలబడి తాగేసి వచ్చి, పీట మీద కూలబడ్డారు. కంచంలో అన్నం చల్లారిపోయింది.

"రేపు సభల నేను చెయ్యి ఎత్తనే ఎత్త," అని ప్రకటించారు చివరికి. "నీళ్లు నిలవెట్టుడుకు ఎంతైతదో రాసిన్రు. చెలక దాంక తెచ్చుడుకు ఎంతైతదో గూడ రాయమంట. గది రాసినంకనే పోల్చుడు. అప్పటిదాంక ఎవ్వల్ని చెయ్యెత్తనియ్య."

"మరి డ్రమ్ము?" అంది అత్తమ్మ.

"వాపసిచ్చి బిందెలు తెస్త."

నేను బియ్యం డబ్బా వెనక దాచిన నీళ్ల చెంబు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.