విభజన పూర్తయింది

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన దగ్గర్నుంచి రెవెన్యూ ఆఫీసు జూనియర్ అసిస్టెంటు బాల్‌సింగ్‌కు పొద్దున లేచి చేయాల్సిన పనేమీ లేకుండా పోయింది. కాసేపు సమ్మె టెంటులో కూర్చునేవాడు. ఉక్కపోస్తే ఇంటికి వచ్చి ఏదో ఒకటి బాగుచేసేవాడు. అలా మిక్సీ, గోడ గడియారం, స్నానాల గది గడియ అతని చేతిలో బాగుపడి, పనిచేయడం మానేశాయి.

అతని భార్య కౌసల్యకు స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండు ఎదురుగా డీటీపీ షాపు ఉంది. సమ్మెలో ఉన్నవాళ్లకు జీతం రాదు కాబట్టి ఆ రోజుల్లో సంసారం నడుస్తున్నది ఆ షాపులోని ఒక్క కంప్యూటరు మీదే. ఉద్యమం పుణ్యాన కరపత్రాల పనికి కొదవ లేదు. కరెంటుకే కొదవ. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి.

ఆ రోజు పొద్దున కౌసల్య సుమోలో వరంగల్ బయలుదేరుతూ భర్తకు అప్పగింతలు పెట్టింది.

"కాయిదాలు తెచ్చెటందుకు పోతాన. రేపటి రాస్తారోకో కరపత్రం కంప్యూటర్ల ఉన్నది. బిక్షపతన్న వస్తే తెరిచి సూపియ్యి. ఇంకేం ముట్టకు."

"నేనేం ముడత?"

"మిక్సీ అప్పుడు గూడ గిట్లనే అన్నవ్."

బిక్షపతి మండల జేఏసీ కన్వీనరు. కిందటి సభలో జనం కన్నా కుర్చీలే ఎక్కువ కనబడ్డాయని జిల్లా నాయకులు అతన్ని చాలా మాటలన్నారు. రేపటి రాస్తారోకో కూడా తేలిపోతే కన్వీనరు పదవి ఇంకొకరికి పోతుంది. అందుకని ఆశలన్నీ ఆ కరపత్రం మీదే పెట్టుకున్నాడు.

బాల్‌సింగ్ షాపులో కూర్చుని కంప్యూటరు ఆన్ చేశాడు. అది మూలుగుతూ, ఆగుతూ, ఆలోచించుకుంటూ తెరుచుకుంది. వైరస్ పట్టి నెలలైంది. పాపం కౌసల్య దీనితోనే నెట్టుకొస్తోంది. ఆఫీసులో ఒక మిత్రుడు ఇచ్చిన సీడీ అతని జేబులో ఉంది. కొత్త ఆపరేటింగ్ సిస్టం, ఉచితం, వైరస్ రాదు, పైగా తెలుగులో కూడా ఉంటుందట. ఆమె వచ్చేసరికి కంప్యూటరు కొత్త పెళ్లికూతురిలా ఉండాలనుకుని సీడీ లోపలికి తోశాడు.

ఏ భాష కావాలని అడిగింది. తెలుగు అన్నాడు. తర్వాత వచ్చిన వాక్యం ఇది: "గమ్యస్థాన ఫలకముపై నూతన విభజన పట్టికను సృజించుటకు సమ్మతించుచున్నారా?"

ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, ఆఫీసు ఫైళ్లలో ఇంగ్లీషు వాడే బాల్‌సింగ్‌కు ఇది మూడింటిలోనూ లేని భాష అనిపించింది. డిస్కును కొత్తగా భాగాలు చేయనా అని అది అడుగుతోందని అతనికి తెలియలేదు. కింద 'అవును', 'కాదు' అని రెండు గళ్లున్నాయి. ఇంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం బాగుండదని 'అవును' నొక్కాడు. గీత ఒకటి నెమ్మదిగా నిండింది. ఏవేవో పూర్తయ్యాయని చెప్పి, కంప్యూటరు తనంతట తానే ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ ఏ భాష కావాలని అడిగింది.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మొదటి నుంచీ చేశాడు. గీత నిండింది, ఆగింది, మళ్లీ భాష అడిగింది. ఇంకోసారి చేశాడు. ఈసారి ఇంగ్లీషు ఎంచుకుని చూశాడు, కోపమొచ్చి హిందీ కూడా చూశాడు. మళ్లీ తెలుగుకే వచ్చి, గీత నిండుతుండగా అతనికి కరపత్రం గుర్తొచ్చింది. పాత కంప్యూటరులో ఉన్నవన్నీ ఎక్కడికి పోయాయన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. 

కౌసల్య తమ్ముడు ప్రదీప్ భూపాలపల్లిలో కంప్యూటర్ల పని చేస్తాడు. బాల్‌సింగ్ అతనికి ఫోన్ చేసి, సిగ్నల్ కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బావామరుదులు మామూలుగా లంబాడీలోనే మాట్లాడుకుంటారు. కానీ ఈ గొడవకు లంబాడీలో మాటల్లేవు.

"మొత్తం ఊడ్చేసినవా బావా?" అన్నాడు ప్రదీప్.

"నేను ఊడ్వలేదు. అది అడిగింది, నేను సరే అన్న."

"తెరమీద ఇప్పుడేం రాసున్నది? చదువు."

బాల్‌సింగ్ మెడ వెనక్కి తిప్పి చదివాడు. "విభజన పూర్తయింది."

"వినపడ్తలేదు, గట్టిగ చదువు."

"విభజన పూర్తయింది," అని బాల్‌సింగ్ బస్టాండు మొత్తానికి వినబడేలా చదివాడు. వెంటనే కరెంటు పోయింది. ఫోను కూడా కట్టయింది.

పక్కన టీ కొట్టు పోశాలు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వచ్చాడు.

"ఏమంటివి సారూ? అయిపోయిందా?"

"అయిపోయింది," అన్నాడు బాల్‌సింగ్ నీరసంగా.

"ఎవలు చెప్పిండ్రు?"

"కంప్యూటర్ల వచ్చింది. నేను సూస్తుండంగనే అయిపోయింది. జర ఎవలకు చెప్పకు పోశాలు."

ఎవరికీ చెప్పొద్దని గవర్నమెంటు ఉద్యోగి అన్నాక పోశాలుకు అనుమానమేమీ మిగల్లేదు. మాట రైల్వే గేటు దాకా పోయేసరికి ఢిల్లీలో బిల్లు పాసైంది. తిరిగి బస్టాండుకు వచ్చేసరికి దానిమీద సంతకాలు కూడా అయిపోయాయి. టీవీలో చూద్దామంటే ఊరంతా కరెంటు లేదు. పటాకులు పేలాయి, డప్పులు వచ్చాయి. కూరగాయల ఎల్లక్క బుట్ట పక్కన పడేసి గులాల్ పొట్లంతో వచ్చి, బాల్‌సింగ్ ముఖానికి రెండు చేతులా పూసింది.

బిక్షపతి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కళ్లలో నీళ్లు.

"బాల్‌సింగ్, నీ కండ్లతోని చూసినవట."

"అన్నా, నాకెందుకో అనుమానమే," అన్నాడు బాల్‌సింగ్. అసలు సంగతి చెప్పేద్దామనే అతని ఉద్దేశం.

"నాకు మాత్రం లేదా అనుమానం? ఎన్నిసార్లు మోసపోయినం." బిక్షపతి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. "నేను కరపత్రం చూద్దామని బయలెల్లిన. ఇగ గది ఎందుకు."

ఆ మాట వినగానే బాల్‌సింగ్‌కు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పడానికి ఇంత తొందర అక్కర్లేదనిపించింది. అతను ఆ ఆలోచనలో ఉండగానే ఎవరో అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

కౌసల్య ఎక్కిన సుమో ఆ జనంలో ఇరుక్కుపోయింది. కాగితాల కట్టలు ఒళ్లో పెట్టుకుని చూస్తే, తలల పైన గులాబీ రంగులో మొగుడు కనబడ్డాడు. ఆమె దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి లంబాడీలో ఏమైందని అడిగింది. భుజాల మీద కూర్చునే అతను లంబాడీలోనే, సీడీ దగ్గర్నుంచి కరపత్రం దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో ఉద్యమ గీతం అనుకుని చప్పట్లు కొట్టారు. కౌసల్య కొట్టలేదు.

అంతలో అతని ఫోను మోగింది. "ఢిల్లీ నుంచి కావచ్చు, డప్పులు ఆపుండ్రి," అన్నాడు పోశాలు. డప్పులు ఆగాయి. చేసింది ప్రదీప్. మాట సరిగా వినబడక బాల్‌సింగ్ ప్రతి ముక్కా పైకి అంటూ పోయాడు.

"ఏందీ? ప్రతిసారి అయిపోయిందనే చెప్తదా? చెప్పి మళ్ల మొదటికి తెస్తదా? ఓహో, లోపల ఉన్నదాన్ని గుంజి అవతల పారేయాల్నా? గది అండ్లనే ఉన్నన్ని రోజులు గింతేనా?"

ప్రదీప్ చెప్పింది సీడీ గురించి. ఇన్‌స్టాల్ మొదటిసారే అయిపోయింది. సీడీ బయటికి తీయకపోవడం వల్ల కంప్యూటరు ప్రతిసారీ దాని దగ్గరికే పోయి మళ్లీ మొదలుపెడుతోంది. కానీ జనం విన్నది వేరు.

డప్పులవాళ్లు కర్రలు కింద పెట్టారు. తర్వాత ఎల్లక్క చేతులకున్న గులాల్ కొంగుకు తుడుచుకుంది.

"నాకు ఎరికే. అప్పుడు డిసెంబర్ల గూడ ఇస్తమని చెప్పి, సంబురం కాకముందే ఎనకకు గుంజుకున్నరు. ఇప్పుడు పూట గూడ ఆగలేదు."

ఆమె రోడ్డు మీద కూర్చుంది. ఆమె పక్కన పోశాలు కూర్చున్నాడు. చూస్తుండగానే బస్టాండు ముందు రోడ్డంతా మనుషులతో నిండిపోయింది. బాల్‌సింగ్‌ను మోస్తున్నవాళ్లు కూడా అతన్ని దించి కూర్చున్నారు. రెండు దిక్కులా లారీలు కనుచూపు మేర ఆగిపోయాయి. పొయ్యిలు వచ్చాయి, రోడ్డు మీదే వంటలు మొదలయ్యాయి. బిక్షపతి మైకు లేకుండానే గొంతు పోయేదాకా మాట్లాడాడు.

పొద్దుగూకే వేళకు కరెంటు వచ్చింది. టీవీలో బిల్లు ఊసే లేదు. "ఎట్ల సూపిస్తరు, దాచిపెట్టిండ్రు," అనుకున్నారు జనం. షాపులో బాల్‌సింగ్ ఇంకొక్కసారి మొదట్నుంచీ చేసి, గీత నిండగానే సీడీ బయటికి తీసి కంప్యూటరు ఆన్ చేశాడు. ఈసారి భాష అడగలేదు. చకచకా తెరుచుకుంది. శుభ్రంగా, వేగంగా, కొత్తగా ఉంది. అందులో ఏమీ లేదు. కౌసల్య ఖాళీ తెర వైపు చాలాసేపు చూసింది.

బిక్షపతి గొంతు పట్టుకుని లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"జిల్లా నుంచి ఫోన్ వచ్చిందక్కా. ఒక్క కరపత్రం పంచకుంట గింతమందిని ఎట్ల తీసినవని ఒకటే పొగుడుడు. గా కరపత్రం ఇగ అవసరం లేదు."

బాల్‌సింగ్ నోరు తెరవబోయాడు. కౌసల్య అతని చెయ్యి గిల్లి, బిక్షపతి వైపు తిరిగింది.

"అన్నా, సమ్మె ఎప్పుడు విరమిస్తరు?"

"విరమించుడా? తెలంగాణ వచ్చేదాక ఆగేది లేదక్కా. ఎందుకడుగుతానవ్?"

"ఏం లేదన్నా. ఈయనను ఆఫీసుకు తోలాలె."

ఆ మర్నాటి నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్రత్యేక రాష్ట్రం కోసం అందరికన్నా గట్టిగా నినాదాలిచ్చిన మనిషి కౌసల్యే.