రోజుకు మూడు కిక్కులు

మెదక్ టైలర్ గులాం మొహియుద్దీన్ దినచర్యలో మార్పన్నది ఉండదు. తెల్లవారి నమాజు చదివి వస్తాడు. వాకిట్లో ఉన్న మోటారు సైకిల్‌ను మూడుసార్లు తంతాడు. "నసీబ్ లేదు బేగం, ఇయ్యాల గూడ కాలే" అని వీధి చివరిదాకా వినపడేలా నిట్టూరుస్తాడు. చాయ్ తాగి కుట్టుమిషన్ ముందు కూర్చుంటాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. పాస్టర్ల గౌన్ల నుంచి పోలీసుల నిక్కర్ల దాకా ఆయన కుట్టిందే ఊరికి ప్రమాణం. మిషన్ తుడిచే మసిగుడ్డకు కూడా అంచు మడిచి కుట్టేవాడు. అంచు లేని గుడ్డ కంటపడితే ఆయనకు అన్నం సహించదు.

ఆ మోటారు సైకిల్ పెద్ద యుద్ధంలో పనిచేసి రిటైరైన బండి. పదకొండేళ్ళ కింద బొల్లారం వేలంలో కొని, దాని మీదే ఊరికి వస్తూ, కుల్చారం దగ్గర ఎదురొచ్చిన గడ్డిబండిలోకి తిన్నగా దూరిపోయాడు. జనం గడ్డి పీకి ముందు మనిషిని తీశారు, తర్వాత బండిని తీశారు. బండికి గీత కూడా పడలేదు. అయినా వారం తిరక్కుండా అది చెడిపోయింది, అలాగే ఉండిపోయింది. సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

భార్య అజీజున్నీసాకు అజ్మీర్ దర్గా చూపిస్తానని ఆయన పెళ్ళినాడే మాటిచ్చాడు. ఆమె ఆ మాట ఎత్తినప్పుడల్లా, "ఈ బండి స్టార్ట్ అయిన నాడు దీని మీదనే తీస్కపోత. మొక్కుకున్న" అనేవాడు. రైలుకు పోదామంటే, "మొక్కు తప్పమంటవా?" అని కళ్ళు పెద్దవి చేసేవాడు. మెకానిక్‌ను పిలుద్దామంటే, "మిల్ట్రీ బండి. పరాయోడు చెయ్యి పెడితే సర్కారు కేసు" అని గొంతు తగ్గించేవాడు. మొహియుద్దీన్ చెడ్డవాడేమీ కాదు. హైదరాబాదు దాటి ఎరుగడు, అంతే. దుకాణం మూసి తెలియని ఊళ్ళు పట్టి పోవడమంటే ఆయనకు చచ్చేంత భయం. బండి స్టార్ట్ కాదన్న ధీమా ఒక్కటే ఆయనకు నిద్ర పట్టించేది. ఆ ధీమాకు కారణం తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం.

అరవై రెండో సంవత్సరం మే నెలలో ఒక పొద్దున కూడా ఆయన మామూలుగానే మొదటి తన్ను తన్నాడు. అజీజున్నీసా మామూలుగానే పరదా పక్కన చాయ్ గ్లాసుతో నిలబడింది. రెండో తన్నుకు బండి దగ్గింది. మూడో తన్నుకు ఇల్లంతా అదిరేలా మోగింది. సీటు మీది కోడి ఇంటి కప్పెక్కింది. మొహియుద్దీన్ దాని వెనకే ఎక్కుతాడేమో అన్నట్టు చూశాడు.

"అయ్యింది! అయ్యిందండీ!" అని అజీజున్నీసా గ్లాసు వదిలేసి చేతులు పైకెత్తింది.

పక్కనే కిరాణా కొట్టు నడిపే ఫక్రుద్దీన్ లుంగీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ముబారక్ మాస్టర్ సాబ్! ఎన్నడు పయనం?"

"జర ఆగు భాయ్, ఆరిపోతదేమో..."

"ఎందుకారిపోతది? మొక్కు పిలుస్తుంది! శుక్కురారం జుమ్మా నమాజు కాంగనే బయలెల్లుండ్రి. అయిదు రోజులున్నది."

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి హైస్కూల్లో భూగోళం చెప్పే లక్ష్మయ్య సారు అట్లాసు చంకన పెట్టుకుని దిగాడు. సెలవుల్లో పాఠం చెప్పించుకునేవాళ్ళు లేక ఆయన అప్పటికే అల్లాడుతున్నాడు.

"చూడుండ్రి సాబ్. గిదంత ఆకుపచ్చ. పర్వాలే. అజ్మీర్ కాడికి రాంగనే పక్కకు పసుపు రంగున్నది. పసుపంటే ఇసుక. ఎడారి! నూటపదిహేను డిగ్రీలు. ఒంటెలే కూలబడ్తయి."

"ఒంటెలు గూడనా?" అన్నాడు మొహియుద్దీన్.

"ఒంటెకు అలవాటుంటది, అయినా కూలబడ్తది. మీకు అలవాటు గూడ లేదు. రేపట్నుంచి నేను చేస్త అలవాటు."

ఆ రాత్రి మొహియుద్దీన్‌కు పసుపు రంగే కలలోకి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఎండకు జడిసి వీధంతా తలుపులు మూసుకుని పడుకున్నప్పుడు, ఆయన వాకిట్లోకి వచ్చి బండి ముందు మోకరిల్లి ప్లగ్గు ఊడబీకాడు. దాన్ని కుట్టుమిషన్ సొరుగులో గుండీల డబ్బా కింద దాచి, పదకొండేళ్ళ ధీమా తిరిగొచ్చినట్టు గురక పెట్టి నిద్రపోయాడు. కిటికీలోంచి ఒక్క ఫక్రుద్దీనే చూశాడు. "మాస్టర్ సాబ్ నేలకు తల ఆనిచ్చి బండికి సజ్దా చేస్తున్నడనుకున్న. కాదు, బండి ముందల కూసోని దువా చేస్తున్నడు" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు.

మర్నాడు తెల్లవారి నమాజు నుంచి వచ్చేసరికి వాకిట్లో ఇరవై మంది. మొహియుద్దీన్ ధైర్యంగా కాలెత్తి తన్నాడు. మొదటి తన్నుకే బండి మోగింది. వంగి చూస్తే ప్లగ్గు ఉండాల్సిన చోట ఉంది. లోపలికి పరిగెత్తి సొరుగు లాగితే గుండీల డబ్బా కింద ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం ఒక వైరు తీశాడు. తెల్లారేసరికి వైరు బండికి చేరింది. ఆ తర్వాతి రోజు ఏది దేనికో తెలియకుండానే స్క్రూడ్రైవరుకు లొంగినవన్నీ ఊడదీసి సొరుగు నింపాడు. తెల్లారేసరికి సొరుగు ఖాళీ. బండి మునుపటికంటే నున్నగా మోగుతోంది. ఎవరితో చెప్పుకుంటాడు? దొంగతనం జరిగిందని చెప్పాలంటే దొంగ తానేనని కూడా చెప్పాలి.

ఈలోగా ఎడారికి అలవాటు పడటం సాగుతూనే ఉంది. లక్ష్మయ్య సారు సలహా మీద మొహియుద్దీన్ రెండు పొరల మధ్య దూది పెట్టి తన కోసం ఒక ఎడారి కోటు కుట్టుకున్నాడు. పొద్దున పది గంటల ఎండలో అది తొడుక్కుని బండి మీద కూర్చునేవాడు. లక్ష్మయ్య సారు గొడుగు కింద నిలబడి లెక్క పెట్టేవాడు. ఫక్రుద్దీన్ చాటలో మంజీర ఇసుక పోసుకుని ముఖం మీద చెరిగేవాడు. ఇసుక తుఫాను అన్నమాట.

మూడోనాడు మొహియుద్దీన్ హ్యాండిల్ మీద తల వాల్చి భోరుమని ఏడ్చాడు. "నాతోని కాదు... నాతోని కాదు..."

"చూసిండ్రా? జుమ్మా దాక ఆగుడు ఆయనతోని అయితలేదు!" అని ఫక్రుద్దీన్ చాట కింద పెట్టి తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

దాంతో భక్తుడన్న పేరు స్థిరపడింది. దర్గా మీద కప్పమని చాదర్లు ఏడు వచ్చాయి. ఖండ్వాలో ఉన్న అల్లుడికి ఇవ్వమని ఒకావిడ మామిడికాయ తొక్కు జాడీ తెచ్చింది. మిషన్ దవాఖాన నర్సు సౌభాగ్యమ్మ, "మేము చర్చిల గూడ మీ కోసం ప్రార్థన పెట్టినం" అని గ్లూకోజు పొట్లాలిచ్చింది. దారిలో కాపాడాలని ఎడమ చేతికి నాణెం ముడేసిన ఇమామ్ జామిన్ గుడ్డ కట్టినవాళ్ళే తొమ్మిది మంది. ఆ తొమ్మిది కట్ల మీద ఇక ఎడారి కోటు చెయ్యి ఎక్కలేదు.

గురువారం వచ్చింది. యాత్రకు పోయేవాడు ముందునాడు తెలిసినవాళ్ళ గడపలన్నీ తొక్కి, తెలిసీ తెలియక అన్న మాటకూ చేసిన పనికీ మాఫీ అడగాలి. మాఫీ దొరకని వాడి యాత్ర యాత్రే కాదంటారు. మొహియుద్దీన్ వీధి వీధంతా తిరిగాడు. "కహా సునా మాఫ్ చేయుండ్రి" అన్నాడు. అందరూ నవ్వుతూ మాఫ్ చేశారు, ఖర్జూరాలు పెట్టారు. పొద్దుగూకే వేళకు ఒక్క గడప మిగిలింది. అది సొంత ఇంటిది.

అజీజున్నీసా మంచం మీద కూర్చుని రొట్టెలు మూట కడుతోంది. మొహియుద్దీన్ ఎదురుగా నిలబడ్డాడు. ఊరందరి దగ్గరా గడగడా వచ్చిన మాట ఇక్కడ సగమే వచ్చింది.

"బేగం, మాఫ్ చెయ్యి."

"ఏం చేసిండ్రని?"

వాన కురిసినట్టు చెప్పేశాడు. ప్లగ్గు సంగతి చెప్పాడు, వైరు సంగతి చెప్పాడు, సొరుగు సంగతి చెప్పాడు. "మొక్కు గూడ అబద్ధమే. ఎవ్వరికీ మొక్కలే. నీ నోరు ముయ్యనీకి చెప్పిన మాట అది. పరాయి ఊర్లంటే నాకు భయం."

ఆమె మూట పక్కన పెట్టి లేచింది. పెట్టె తెరిచి, మసి పట్టి నల్లబడిన గుడ్డ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. మొహియుద్దీన్ చూడగానే గుర్తుపట్టాడు. పదకొండేళ్ళ కింద బండి సైలెన్సర్‌లో తాను కుక్కిన గుడ్డ అది.

"మీరు మొన్న శనివారం బట్టకు పట్నం పోయినప్పుడు ప్రకాశం భయ్యాను పిలిచిన. దవాఖాన జనరేటర్ చూస్తడు గద, ఆయన. గంటల ఈ గుడ్డ గుంజి అవతల పడేసి, తుప్పు గీకి పెట్రోలు పోసిండు. ఎవడో దుష్మన్ కుక్కిండు భాభీ అన్నడు. నేను అంచు చూసిన. సైలెన్సర్ల కుక్కే గుడ్డకు నాలుగు దిక్కుల మడిచి కుట్టే దుష్మన్ మెదక్‌ల ఒక్కడే ఉన్నడు."

"మరి సొరుగు?"

"గుండీల కోసం తెరిస్తే ప్లగ్గు దొరికింది. మీరు పొద్దుగాల నమాజుకు పోంగనే ప్రకాశం భయ్యా వచ్చి పెట్టి పోతుండె. పాపం, మూడో నాడు ఆయనకు డ్యూటీకి లేటయ్యింది." ఆమె మళ్ళీ కూర్చుని మూట ముడి బిగించింది. "పదకొండేండ్లు మీ ప్రతి కిక్కుకు నేను పరదా ఎన్క దువా చేసిన. రోజుకు మూడు."

మొహియుద్దీన్ ఏడ్చాడు. ఈసారి ఏడుపులో ఎండ లేదు, ఇసుక లేదు, సిగ్గొక్కటే ఉంది. "రేపు పోదాం బేగం. ఇదే బండి మీద. ఎడారి కానీ, ఏమన్న కానీ. అన్నమాట అన్నమాటే."

"మాఫ్ చేసిన. పండుకోండి" అంది ఆమె, బండి వైపు ఒకసారి చూసి.

శుక్రవారం నమాజయ్యేసరికి వీధిలో అడుగు పెట్టే సందు లేదు. హ్యాండిల్ కనపడకుండా దండలు వేశారు. మొహియుద్దీన్ బిస్మిల్లా అని కాలెత్తి తన్నాడు. ఉలుకు లేదు. మూడు తన్నాడు, ముప్పై తన్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నిజంగా స్టార్ట్ కావాలని తంతున్నాడు. చెప్పు ఊడి ఫక్రుద్దీన్ కొట్లో పడింది. "కావే తల్లీ, ఒక్కపారి కావే!" అని టాంకీని కావలించుకున్నాడు. ఇన్నాళ్ళ దొంగ నిట్టూర్పుకూ ఈ నిజం ఏడుపుకూ ఊళ్ళో ఎవరికీ తేడా తెలియలేదు.

గుంపులోంచి ప్రకాశం వచ్చి ప్లగ్గు చూశాడు, వైర్లు చూశాడు. అన్నీ ఉన్నాయి. అనుమానంగా వెనక్కి పోయి సైలెన్సర్‌లో వేలు పెట్టాడు. ఒక గుడ్డ బయటికొచ్చింది. దాన్ని తెచ్చి మొహియుద్దీన్ చేతిలో కుక్కాడు.

"మాస్టర్ సాబ్," అన్నాడు పళ్ళ మధ్య నుంచి, "మళ్ల మొదలువెట్టిండ్రా?"

"నా మీద ఒట్టు, నేను కాదు ప్రకాశం! గియ్యాల నేను కాదు!"

అప్పుడే మూలమలుపులో టాంగా ఒకటి వచ్చి ఆగింది. అందులో బుర్ఖా వేసుకుని, ఏడు చాదర్లూ, తొక్కు జాడీ, రొట్టెల మూటా సర్దుకుని అజీజున్నీసా కూర్చుని ఉంది. చేతిలో టాంగావాలాతో ముందే తెప్పించిన రెండు రైలు టికెట్లున్నాయి.

"ఎక్కుండ్రి. అక్కన్నపేటల బండి దొరకాలె."

"మరి... మోటర్ సైకిల్?"

ఆమె ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పింది. "నాకు అజ్మీర్ చూడాల్నని ఉన్నది గని, కుల్చారం గడ్డిబండి చూడాల్నని లేదు. బండిని బాగు చేయించింది ఎక్కుదామని కాదు. మిమ్మల్ని గడప దాటిద్దామని."

మొహియుద్దీన్ కింద చూసుకున్నాడు. నిజమే. ఒక కాలికి చెప్పు లేదు గానీ రెండు కాళ్ళూ గడప బయటే ఉన్నాయి. ఊరందరి దగ్గరా మాఫీ తీసుకున్నవాడు ఇప్పుడు లోపలికి పోతానంటే ఊరు మాఫ్ చేయదు. ఆయన టాంగా ఎక్కాడు. ఫక్రుద్దీన్ బండి మీది దండలు తీసి గుర్రానికి వేశాడు. లక్ష్మయ్య సారు మాత్రం రైలుకు పోతే పసుపు రంగు తగలదని కాసేపు బాధపడ్డాడు.

స్టేషన్ దారిలో మొహియుద్దీన్ తన చేతిలోనే ఉండిపోయిన సైలెన్సర్ గుడ్డను తిప్పి చూశాడు. భార్య దానికి కూడా నాలుగు వైపులా అంచు మడిచి కుట్టింది. కాకపోతే కుట్టు వంకరగా ఉంది.

అది మొత్తం విప్పి మళ్ళీ సరిగ్గా కుట్టేదాకా, ఖండ్వా వచ్చినా ఆయన కిటికీలోంచి బయటికి చూడలేదు.