చెవిబిళ్ల ఆవు

గంజాం జిల్లా పశువులకు బ్రూసెల్లోసిస్ అనే జబ్బు సోమవారం ఉదయం పదకొండున్నర నుంచి లేదు. బరంపురం మీటింగులో పశుసంవర్ధక మంత్రిగారు స్వయంగా ప్రకటించారు. అంతకుముందు ఉన్నట్టు ఎవరూ రాసుకోలేదు గనుక తీసెయ్యడం తేలికైందని అధికారులు వినయంగా చెప్పుకున్నారు. ఒక్క ఉపన్యాసంతో రోగాన్ని నిర్మూలించిన మంత్రి ఇంకెక్కడున్నాడు చెప్పండి!

ఈ శుభవార్త రంభ పక్క పల్లెలో ఉండే కాసమ్మకి కాస్త ఆలస్యంగా చేరింది. జ్వరంతో పడుకుని ఉంది పాపం. రెండు నెలలుగా ఇదే వరస. పొద్దున్న బాగానే ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతుంది, కీళ్లు పట్టేస్తాయి. ఆమెకున్న ఒక్కగానొక్క ఆవు ఏడో నెలలో కడుపు జారి ఈసుకుపోతే, చచ్చిన దూడనీ మాయనీ వట్టి చేతుల్తో తీసింది ఆమే. పశువుల ఆసుపత్రి స్టాక్‌మేన్ సూర్యారావు వచ్చి, ముట్టుకున్నా పచ్చిపాలు తాగినా మనుషులకీ అంటుకునే ఆ జబ్బేమోనన్న అనుమానంతో ఆవు రక్తం తీసి, చెవికి పసుపుపచ్చ బిళ్ల కొట్టి వెళ్లాడు. ఆ రిపోర్టు తెస్తేగాని నీకు మందు రాయనన్నాడు మనుషుల ఆసుపత్రి డాక్టరు.

కాసమ్మ కర్ర పట్టుకుని పశువుల ఆసుపత్రిలో సూర్యారావు దగ్గరికి వెళ్లింది.

"రిపోర్టు ఏటైంది బాబూ?"

"ఏ జబ్బుకి పిన్నీ?"

"నువ్వే కదేటి సెప్పినావు! ఆవులు ఈసుకుపోయే జబ్బని."

"అది మన జిల్లాలో లేదు. ఉంటే మంత్రిగారికి తెలీదా?"

"మరి నా జొరమో?"

"జొరం మనుషుల డిపార్ట్‌మెంటు. మాది పశువులది."

పక్క శాఖలో వేలు పెట్టని ఉద్యోగిని కాసమ్మ చూడడం అదే మొదలు.

ఇంతలో మంత్రిగారికి మరో గొప్ప ఆలోచన వచ్చింది. జిల్లా పాలు ఎంత పవిత్రమో చాటడానికి రంభలో వేదిక మీద, అందరి ఎదుటా గుమ్మపాలు తాగుతానన్నారు. పొదుగు నుంచి చెంబులోకి, చెంబు నుంచి నోట్లోకి. మధ్యలో పొయ్యి ఉండకూడదు. దానికి ఆవు కావాలి. అల్లాటప్పా ఆవు కాదు, రికార్డులో ఉన్న ఆవు. జీపులో ఊళ్లన్నీ గాలించగా చెవికి బిళ్ల ఉన్న ఆవు ఒక్కటే దొరికింది.

"దీన్నొద్దు బాబూ, దీనికి ఒంట్లో బాగోలేదు" అని కాసమ్మ అడ్డం పడింది.

"బిళ్లుందా లేదా? బిళ్లుంటే గవర్నమెంటు చూసిన ఆవే" అన్నాడు జీపు దిగిన ఆఫీసరు.

వేదిక మీద ఆవుకి దండ వేశారు, బొట్టు పెట్టారు. పాలు పితకమని పిలిస్తే సూర్యారావు వచ్చాడు. బిళ్ల మీద నంబరు చూసి తను కొట్టిందేనని గుర్తుపట్టాడు.

"సెప్పవేట్రా!" అంది కింద నుంచి కాసమ్మ.

"ట్రాన్స్‌ఫర్ చేసేస్తారు పిన్నీ" అని గొణిగి పితికాడు.

కాసమ్మ ఉండబట్టలేక కేకేసింది. "బాబూ! మరగబెట్టి తాగండి!"

మంత్రిగారు మైకు అందుకుని కరిగిపోయారు. "చూశారా తల్లి ప్రేమ! పచ్చిపాలు నాకు జలుబు చేస్తాయని బెంగ!"

చప్పట్ల మధ్య చెంబు ఖాళీ అయింది. మీసాలకంటిన నురగతో ఫోటో కూడా దిగారు.

వారంలో రిపోర్టు వచ్చింది. "సదరు ఆవు పాలను మాన్య మంత్రివర్యులు సేవించియున్నందున పరీక్ష అనవసరమని తేల్చడమైనది." ఆసుపత్రి డాక్టరు అది భక్తిగా చదివి, ఆ కాగితం వెనకే కాసమ్మకి మందు రాశాడు.

నెల తర్వాత ఓ సాయంత్రం ఆమె గుమ్మంలో కారు ఆగింది. బరంపురం లంజిపల్లి నుంచి మంత్రిగారి పి.ఎ. వైకుంఠరావు దిగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నీ జొరం ఎలాగొస్తాది?"

"పొద్దున్న ఉండదు బాబూ. సాయంత్రం వొస్తాది. కీళ్లు పట్టేస్తాయి."

"అచ్చం అలాగే!" అన్నాడు వైకుంఠరావు. "పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోమన్నారు. లేదని చెప్పిన జబ్బుకి ఆయనెలా చేయించుకుంటారు? నువ్వేం మందు వాడుతున్నావో చెప్పు, చాలు."

వణుకుతూనే కాసమ్మ లోపలికెళ్లి, మడత పెట్టిన కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. వైకుంఠరావు వెనక్కి తిప్పి చదివాడు. "బలహీనత. రోజూ పాలు తాగవలెను."

"సెంబుడు పాలు పట్టుకెల్తావేటి బాబూ?" అంది కాసమ్మ. "ఈసారైనా మరగబెట్టి ఇయ్యనా?"