బీరుకు మార్కులేసే మహాభాగ్యం

బీరు తాగేవాళ్లను చూస్తే నాకు జాలి. తాగుతారు, మూతి తుడుచుకుంటారు, కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతారు. ఎంత వృథా! తాగినదానికి ఒక మార్కు లేదు, ఒక రిమార్కు లేదు. పశువులు నీళ్లు తాగేదీ అలాగే కదండీ?

మేమలా కాదు. మేము బీరు తాగం. రుచి చూస్తాం.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా బావమరిది ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురం కూర్చుంటాం. పెద్ద ఫ్యాక్టరీ సరుకు మాకు నిషిద్ధం. ఎవరో ఒక షెడ్డులో, సొంత బుర్ర ఉపయోగించి, చిన్న పీపాలో తయారుచేసిన క్రాఫ్ట్ బీరే కావాలి. మనిషికి నాలుగు చెంచాల బీరు, నాలుగు పేజీల ఫారం. బీరు రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఫారం నలభై నిమిషాలు పడుతుంది. ఆరోగ్యానికి ఇంతకంటే మేలు చేసే అలవాటు ఇంకోటి ఉందా?

మా అధ్యక్షుణ్ని అందరం ‘ముక్కు’ అంటాం. పెయింట్ల కొట్టు నడుపుతాడు. రోజంతా టర్పెంటైన్ వాసనలో బతుకుతూ కూడా, గ్లాసులో ముక్కు పెట్టి "వాన వెలిసాక లైబ్రరీ!" అని ప్రకటించగల మహానుభావుడు. మా బావమరిది కట్టుడు పళ్లు తయారుచేస్తాడు కాబట్టి నోటికి సంబంధించిన విషయాల్లో అతని మాటకు తిరుగులేదు. ఇంకొకడు లిఫ్టు మెకానిక్కు, నా చిన్ననాటి స్నేహితుడు. నేను కార్యదర్శిని. ఫారాలు పంచడం, పోగుచేయడం, సగటు తీయడం నా పని.

ఇంట్లో మాత్రం ఈ సేవకు గుర్తింపు లేదు. "మీరు సీసాలకు పరీక్ష పెడుతున్నారా, సీసాలు మీకు పెడుతున్నాయా?" అంటుంది మా ఆవిడ. వాళ్ల తమ్ముణ్ని మాత్రం ఒక్క మాట అనదు.

మార్కులు లేని రోజుల్లో మా ఆదివారాలు ఎంత అధ్వానంగా ఉండేవో చెప్పలేను. ఏదో ఒక సీసా తెచ్చుకుని పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, పై అధికారి చిరాకులు అంటూ సాయంత్రం దాకా వాగేవాళ్లం. ఇప్పుడా గోల లేదు. మాట్లాడితే నాలుక దృష్టి మళ్లుతుందని ముక్కు రూలు పెట్టాడు. బీరు గురించి తప్ప ఇంకే మాటా ఎత్తకూడదు. ఎంత ప్రశాంతత!

ఆ మధ్య ఒక ఆదివారం, లిఫ్టు మెకానిక్కు గ్లాసు ముట్టుకోకుండానే గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, మీకో మాట చెప్పాలిరా."

"నురగ గురించేనా?" అన్నాడు ముక్కు.

"కాదు."

"అయితే తర్వాత. ఇక్కడ నురగ దిగిపోతోంది."

రెండో బీరు దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. మా బావమరిది కళ్లు మూసుకునే చెయ్యి ఎత్తాడు. "ఉండన్నా! ఇప్పుడిప్పుడే నాలుక చివర ఏదో తగుల్తోంది."

మరి నేను? కార్యదర్శిని కదా! "రిమార్కుల గడి ఉందిగా, అందులో రాసెయ్యరా" అన్నాను. ఎంత చక్కటి సదుపాయం!

బుద్ధిమంతుడు, రాశాడు. బస్సు టైమైందని లేచి వెళ్లిపోయాడు.

చివర్లో ఫారాలు పైకి చదవడం అధ్యక్షుడి హక్కు. లిఫ్టు మెకానిక్కు ఫారం మొదటి వాక్యం చదివేసరికి ముక్కుకు కళ్లు చెమర్చాయి.

"'ఎడమవైపు ఏమీ వినపడటం లేదు' అట! ఆహా, నిశ్శబ్దాన్ని రుచి చూశాడ్రా వీడు! మనలో ఎవరైనా ఎప్పుడైనా ఇలా రాశామా?"

బావమరిది చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. ఆ బీరుకు పదికి ఎనిమిదిన్నర తగ్గదనుకున్నాం.

సగటు తీద్దామని ఫారం చేతిలోకి తీసుకున్నాక, కింద ఇంకో వాక్యం కనిపించింది. 'గురువారం చెవికి ఆపరేషను. ఎవరైనా తోడు వస్తారా?'

చదివి వినిపించాను. అప్పుడు మా గదిలో కుడివైపు కూడా ఏమీ వినపడలేదు.

మెట్లు దిగి పరుగెత్తాను. బస్టాపులో ఒక్కడే నిలబడి ఉన్నాడు. రెండుసార్లు పిలిచాను, తిరగలేదు. నేను ఎడమవైపు నుంచి పిలుస్తున్నానని అప్పుడు తట్టింది. చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"రెండు నెలలు. మోటారు మూలిగితే ఏ చక్రం అరిగిందో చెవితోనే చెప్పేవాణ్నిగా. మొన్న ఒక లిఫ్టు గోలగోల చేస్తోంటే, ఎక్కినవాళ్లు చెబితేగానీ నాకు తెలీలేదు. ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. నాలుగు ఆదివారాలుగా చెబుదామనే చూస్తున్నా. మీరేమో కళ్లు మూసుకుని కూర్చుంటారు."

బస్సు వచ్చి వెళ్లిపోయింది. తర్వాతిదీ వెళ్లిపోయింది.

గురువారం ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పాక, పూర్తిగా కాకపోయినా, మోటారు మూలుగు పట్టుకోగలిగేంత వినికిడి వచ్చింది. ఉద్యోగం నిలిచింది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఆ ఫారమే లేకపోతే మాకీ సంగతి తెలిసేదా? ఇన్నేళ్ల స్నేహితులం, ఒకరి కష్టం ఒకరికి తెలియాలంటే అచ్చువేసిన గడి ఒకటి ఉండొద్దూ!

అందుకే కార్యదర్శిగా ఒక ప్రతిపాదన తెచ్చాను. ఫారంలో అన్నిటికంటే పైన 'ఎలా ఉన్నావు?' అనే గడి పెడదామని. ముక్కు చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"కుదరదురా. దానికి కొలతలేవీ లేవు. ఒక్కొక్కడూ ఒక్కోటి చెబుతాడు. అందరివీ వింటూ కూర్చుంటే బీరు వేడెక్కిపోతుంది."

ఓటింగు పెట్టాం. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. అధ్యక్షుడి అదనపు ఓటుతో ప్రతిపాదన వీగిపోయింది.

నిన్న ఆదివారం లిఫ్టు మెకానిక్కూ నేనూ సభకు సెలవు పెట్టాం. వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. వాళ్లావిడ రెండుసార్లు తొంగిచూసి, "అంత నవ్వేంటన్నయ్యా, మాకూ చెప్పొచ్చుగా!" అని తనూ కుర్చీ లాక్కుంది. మధ్యలో బీరు కూడా తాగినట్టే ఉన్నాం. అదేం బీరో, రంగేమిటో, నురగ ఎంతసేపు నిలిచిందో మాత్రం నన్నడక్కండి. చూసుకోలేదు.