జోగులమ్మ బర్రెకు టచింగ్

దగ్గరికి జరగండి, వెనక కూర్చుంటే సగమే వినపడుతుంది. మానవపాడు ఫొటో స్టూడియో బాబు మియా కంప్యూటర్ కొన్న ఏటి ముచ్చట ఇది.

ఒకరోజు పొద్దున జొన్నరొట్టె తిని, కూతురు హుమేరాతో కర్నూలు బస్సెక్కాడు. డిజిటల్ కెమెరా, కంప్యూటర్, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కొని చీకటి పడకముందే ఇల్లు చేరాలని ఆలోచన. గద్వాలలో డిగ్రీ చదివే హుమేరా అన్నీ ముందే కనుక్కుంది.

"అబ్బాజాన్, కొత్తగ నేర్చుకునేటోళ్లకు గీ చిన్న సాఫ్ట్‌వేర్ చాలు. మనం ఏం దిద్దినా అసలు ఫొటో పక్కకు పదిలంగ ఉంటది. సీడీలు రాసే డబ్బా గూడ తీస్కుందాం."

"ఇరవై ఏండ్లు నెగిటివ్‌ల మీద పెన్సిల్‌తోని టచింగ్ జేసిన. నేను కొత్తోణ్ణా బేటీ? గా బ్రష్షులున్న పెద్దది తీస్కో. సీడీల డబ్బా ఇడిసిపెట్టి పెద్ద టీవీ తీస్కుందాం."

మానిటర్‌ను ఆయన టీవీ అనేవాడు. చివరికి ఆయన మాటే నెగ్గింది.

మొదటి గిరాకీ జోగులమ్మ. మహిళా సంఘం లోనుతో కొన్న బర్రె పక్కన నిలబడి ఫొటో దిగింది. ఆ బర్రె ఎడమ కొమ్ము చెవి మీదికి వాలి ఉంటుంది, నుదుట తెల్లమచ్చ. బాబు మియా చెయ్యి ఊరుకుంటుందా? మచ్చ తుడిచాడు, కొమ్ము నిలబెట్టాడు, సేవ్ నొక్కాడు, కెమెరా కార్డు ఖాళీ చేశాడు. అసలుది నెగిటివ్‌లాగా లోపల ఎక్కడో ఉంటుందని ఆయన ధీమా.

నెల తిరక్కుండానే బర్రె తాడు తెంపుకొని ఎవరి చేలోనో పడింది. మూడు రోజులు వెతికితే, చేలల్లో పడ్డ పశువులను కట్టేసే బందెలదొడ్డిలో దొరికింది. రుజువు చూపకుంటే సాయంత్రం వేలం. ఇంటిల్లిపాదీ ఆ పాల మీదే బతుకుతున్నారు. జోగులమ్మ ఫొటో పట్టుకొని పరుగెత్తింది.

దొడ్డి కావలి మాసయ్య ఫొటో చూశాడు, బర్రెను చూశాడు. "గిది నీది కాదక్కా. నీది గదీ" అంటూ మూలనున్న నిటారు కొమ్ముల బర్రె తాడు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఒకరి బర్రె నాకెందుకు మాసన్నా? కొమ్ము వాలిందే నాది."

ఇంతలో ఆ నిటారు కొమ్ముల బర్రె యజమాని యోసేపు రానే వచ్చాడు. "నా బర్రెతోని నువ్వెప్పుడు ఫొటో దిగినవ్? ముందే సూసిపెట్టుకున్నవా ఏంది?" అన్నాడు. జనం మూగారు. జోగులమ్మ బర్రెల దొంగ అన్న మాట బస్టాండు దాకా పోయింది. బాబు మియా కూతుర్ని తీసుకొని ఉరికొచ్చాడు.

"జర ఆగుండ్రి, నెగిటివ్ తెస్త."

"నెగిటివ్ ఏడిది అబ్బాజాన్? దాని మీదనే సేవ్ జేసినవ్ గద."

అప్పటికే పొద్దు వాలింది. మాసయ్య వేలానికి పిలుపు మొదలుపెట్టాడు. హుమేరా ఫొటో తీసుకొని అతని ముందు పెట్టింది.

"మాసన్నా, బర్రెను ఇడువు. గీ ఫొటోల ఉన్న ఆమె ఎవరో చెప్పు."

మాసయ్య పరీక్షగా చూశాడు. నల్లని జుట్టు, నున్నని బుగ్గలు, నిండుగా పలువరుస. "తెల్వదు. ఎవరో పడుసుపిల్ల."

"ఈమెనే."

అందరూ జోగులమ్మ వైపు తిరిగారు. తెల్ల జుట్టు, ముడతల బుగ్గలు, ముందుపన్ను లేని నోరు. యోసేపే ముందు నవ్వాడు.

"మనిషినే గిట్ల మార్చినాయన బర్రెను ఊకె ఇడుస్తడా?" అంది హుమేరా.

మాసయ్య వంకరకొమ్ము బర్రె తాడు విప్పాడు.

బాబు మియా తల గోక్కున్నాడు. "ఆ ఫొటో ఇటియ్యి జోగులక్కా, కొత్తది తీసిస్త."

"బర్రెకు తియ్యి మియా. నాది గట్లనే ఉండనియ్యి" అని ఆమె ఫొటోను కొంగున ముడేసుకుంది.

ఈ ముచ్చట మనసులో పెట్టుకొని మీవాళ్లకూ చెప్పండి. ఆ పన్ను సంగతి మాత్రం జోగులమ్మ ఉన్నచోట ఎత్తకండి.