ఆటో పోని వారధి

ఒడ్డుపల్లెకు వారధి మంజూరైనట్టు ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తెలియజేసింది మైకు కట్టిన ఆటో. గంభీరావుపేట నుంచి ఎండిన వాగులో ఎగిరెగిరి పడుతూ వచ్చి, ఊరంతా తిరిగి చెప్పి, మళ్లీ ఎగిరెగిరి పడుతూ పోయింది.

అందరికంటే ఎక్కువ సంబరపడింది బాలవ్వ. బిడ్డ గీత కాన్పుకు వచ్చి ఉంది. నెలలు నిండేది శ్రావణంలో. వాగు వస్తే ఆటో రాదు, ఆటో రాకపోతే సిరిసిల్ల ఆసుపత్రి చంద్రమండలమంత దూరం. ఈ గుబులుతో నిద్రపట్టని తల్లి చెవిన వారధి అన్న మాట పడింది. పాపం, వెంటనే వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కేసింది.

సభ ఘనంగా జరిగింది. నికర శూన్య సాధన సమితి అధ్యక్షులు దామోదర్ రావుగారు ఏసీ కారు ఇంజను ఆపకుండానే దిగి, కాలుష్యం గురించి కంటతడి పెట్టారు. "ఇడిసే పొగకు, పీల్చే పొగకు లెక్క సరిపోయి దేశం నికర శూన్యానికి చేరాలె. బొగ్గు ఈ ఒడ్డు, సూర్యుడు ఆ ఒడ్డు. నడుమ వారధి, సహజ వాయువు!" అని గర్జించారు. చప్పట్లు మోగాయి. ఆయన తాతగారి కాలం నుంచీ ఈ ఊరికి చప్పట్లు అలవాటే.

అవి ఆగాక బాలవ్వ లేచింది. "దొరా, గా వారధి మీదికెల్లి ఆటో పోతదా?"

అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వారు. "ఆటో పోదవ్వా. దేశం పోతది."

దేశమే పోయేటప్పుడు గీత పోలేకపోతుందా అని బాలవ్వ ధైర్యం తెచ్చుకుంది. వచ్చేది వంటగ్యాసు గొట్టమని సర్పంచ్ విఠల్ విడమరిచి చెప్పాక మాత్రం, సభలో పంచిన లడ్డూను తిరిగి పళ్లెంలో పెట్టేసింది. "గ్యాసయితే ఇయ్యాల్నే మస్తు కొట్టిండు," అన్నాడు విఠల్, చప్పట్లు కొట్టిన చేతులు దులుపుకుంటూ.

ఇంటింటికీ వేయాల్సిన పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టాలు వచ్చి బడి పక్కన కుప్పపడ్డాయి. గ్యాసు రాలేదు. పెద్ద గొట్టం వాగు దాటాలంటే వంతెన ఉండాలట. వంతెన అడిగితే, వారధి మంజూరైన ఊరికి మళ్లీ వంతెన ఎందుకని పైవారు కోప్పడ్డారు. న్యాయమే మరి.

శ్రావణం వచ్చింది, వాగు వచ్చింది, గీతకు నొప్పులొచ్చాయి. బాలవ్వ కాసేపు ఏడ్చింది, కాసేపు రాజన్నను తిట్టింది, ఆనక కొంగు బిగించి గొట్టాల కుప్ప మీద పడింది. "గివి తేల్తయి విఠలూ, కట్టుండ్రి!"

ఊరు కదిలింది. గొట్టాల మూతులు బిగించి, సభలో మిగిలిన శాలువాలతో తెప్ప కట్టి, పైన సభ ఫ్లెక్సీ పరిచారు. అధ్యక్షులవారి చిరునవ్వు మీద గీత పడుకుంది. తెప్ప మీద ఇద్దరికే చోటు, అందుకని తోడుగా ఆశా కార్యకర్త పోయింది. ఈతగాళ్లు తాళ్లు పట్టి అవతలికి లాగారు. సిరిసిల్లలో ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చేదాకా బాలవ్వ వాగు ఒడ్డునే తడుస్తూ నిలబడింది.

మరునాడు సమితివారు రెండు పనులు చేశారు. ప్రజాధనంతో కొన్న గొట్టాలను నీళ్లపాలు చేసినందుకు ఊరి మీద కేసు పెట్టారు. ఎవరో సెల్‌ఫోనులో తీసిన తెప్ప ఫొటోను ప్రచారానికి ముఖచిత్రం చేశారు. కింద 'వారధి ఇంధనం ఒడ్డు చేర్చింది' అని అచ్చు వేశారు. ఆ అచ్చే రుజువుగా ఒడ్డుపల్లెలో వారధి పూర్తయినట్టు ప్రకటించి, గొట్టాలను అదే వాగులో తేల్చి దాటించి, కోరుట్ల వైపు జరగబోయే సభకు తరలించారు.

ఇప్పుడు ఊళ్లో వంతెన లేదు, గ్యాసు లేదు, గొట్టాలూ లేవు. నికర శూన్యం సాధించిన తొలి గ్రామమని అవార్డు ఇచ్చారు. వాగు నిండుగా ఉన్నందున అది జగిత్యాలలో దామోదర్ రావుగారే అందుకున్నారు.

ఆ ఫొటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. మీరు మురిసిపోయి, గుండె గుర్తు నొక్కి, నలుగురికీ పంపారు కూడా. మనవరాలిని బాలవ్వ ఇంకా చూడలేదు. వాగు తగ్గాలి.